చిన్న నాటకం కావాలా? రాయపూర్ వైపు చూడండి

లిపి రాకపోయినా చెవితో నేర్చుకోదగినవి, గంటలోపు ముగిసేవి, చూసినవారు ఇంటికి వెళ్ళాక కూడా తలచుకొనేవి: అటువంటి నాటికలూ ఏకపాత్రలూ కొన్ని

1973లో రాయపూర్ పట్టణంలో ఒక నాటక శిబిరం నెల రోజులపాటు జరిగింది. దానిని నడిపినవారు 1923 సెప్టెంబరు 1న ఆ ఊరిలోనే జన్మించిన హబీబ్ తన్వీర్. శిబిరంలో పాల్గొన్నవారిలో అధికులు చుట్టుపక్కల పల్లెలకు చెందిన నాచా కళాకారులు. వారిలో అక్షరం ముక్క రానివారు ఎందరో ఉన్నారు. వారి చేతికి కాగితాలు ఇవ్వలేదు. ప్రాంప్టరు లేడు. వారు తరతరాలుగా ఆడుతున్న మూడు చిన్న హాస్య ప్రహసనాలను ఎంచుకొని, వాటిని పక్కపక్కన పేర్చి, మధ్యలో పాటలు అతికి, ఒకే కథగా మలిచారు. శిబిరం ముగిసేనాటికి ఒక కొత్త నాటకం సిద్ధమైంది. దాని పేరును తెలుగులో చెప్పాలంటే ‘ఊరి పేరు అత్తవారిల్లు, నా పేరు అల్లుడు’.

మన పట్టణాల్లోని నాటక సమాజాలు, మరీ ముఖ్యంగా పరరాష్ట్రాల్లోని తెలుగు సంఘాలు, ఏటా ఉగాదికి నెల రోజుల ముందు ఒకే ప్రశ్న వేసుకుంటాయి: ఈసారి ఏ నాటకం వేద్దాం? కార్యక్రమంలో నాటకానికి దక్కేది ముప్పావు గంట. నటులు ఉద్యోగులు, విద్యార్థులు. రిహార్సలుకు అందరూ కలిసే రోజు ఆదివారం ఒక్కటే. పరిషత్తు బహుమతులు పొందిన గొప్ప నాటకాల పుస్తకాలు బీరువాలో ఉంటాయి గాని, వాటికి కావలసిన రంగాలంకరణ, దీపాలు, పదిహేను మంది పాత్రధారులు ఎక్కడి నుంచి వస్తారు? అన్నిటికంటె పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. రాయపూర్, భిలాయ్ వంటి చోట్ల పుట్టి హిందీలోనో ఇంగ్లీషులోనో చదువుకొన్న పిల్లలు ఇంట్లో తెలుగు చక్కగా మాట్లాడతారు. తెలుగు అక్షరం మాత్రం చదవలేరు. సంభాషణలను దేవనాగరిలో రాసి ఇస్తే ఒత్తులూ దీర్ఘాలూ తారుమారై, నోట పలికే తెలుగు కాస్తా పాఠం అప్పజెప్పినట్లు తయారవుతుంది.

ఈ చిక్కుకు పరిష్కారం కోసం దూరం వెళ్ళనక్కరలేదు. ఆ ఊరి నాటకమే దానిని ఎన్నడో కనిపెట్టింది.

చాప, దివిటీ, ఇద్దరు మనుషులు

నాచా ఛత్తీస్‌గఢ్ మైదానపు పల్లెల్లో రాత్రి మొదలై తెల్లవారేదాకా సాగే ఆట. పూర్వం దివిటీల వెలుగులో ఆడేవారు. వేదిక అంటే నేల. ప్రేక్షకులు చుట్టూ కూర్చుంటారు. హార్మోనియం, తబలా, తాళాలు ఉంటాయి. ఆడవేషం వేసిన పురుషుడు ‘పరీ’. అతనితో మాటకు మాట తొడిగేవాడు హాస్యగాడు. రాత్రంతా ఆడేది ఒకే కథ కాదు. ‘గమ్మత్’ అనే చిన్న ప్రహసనాలు ఒకదాని వెంట ఒకటిగా వస్తాయి. వడ్డీ వ్యాపారి, పూజారి, ముసలి పెండ్లికొడుకు, అత్తా కోడళ్ళు: పల్లెకు తెలిసిన మనుషులే పాత్రలు. వీటిలో ఏదీ రాసి పెట్టినది కాదు. కథకు ఎముకలగూడు నటులందరికీ తెలుసు. మాంసం ఆ రాత్రికి ఆ జనాన్ని బట్టి ఏర్పడుతుంది.

1958లో, లండన్‌లో నాటక శిక్షణ పొంది, బెర్లిన్‌లో కొన్ని నెలలుండి బ్రెఖ్ట్ నాటకాలు చూసి తిరిగివచ్చిన తన్వీర్, తాను చదువుకొన్న రాయపూర్ పాఠశాల మైదానంలోనే ఒక రాత్రంతా కూర్చుని నాచా చూశారు. అందులోని నటులను కొందరిని వెంటబెట్టుకొని ఢిల్లీ వెళ్ళి, శూద్రకుని ‘మృచ్ఛకటికం’ను ‘మిట్టీ కీ గాడీ’ పేర ప్రదర్శించారు. మరుసటి సంవత్సరం ‘నయా థియేటర్’ ఏర్పడింది. అయితే ఆ తరువాత చాలా కాలం పని సజావుగా సాగలేదు. పల్లెలో సింహాల్లా ఆడిన ఠాకుర్ రామ్ వంటి నటులు ఢిల్లీ వేదిక మీద బిగుసుకుపోయేవారు. కారణాలు రెండని తన్వీర్ క్రమంగా గ్రహించారు. ఒకటి, వారిచేత మాతృభాష కాని హిందీ పలికించడం. రెండు, ఇక్కడినుంచి మూడడుగులు ఇటు, అక్కడ ఆగి ముఖం అటు అని గీత గీసినట్లు నడిపించడం. ప్రేక్షకుల కేకకు బదులు చెప్పి, నవ్వు వస్తే ఆ ఘట్టాన్ని మళ్ళీ సాగదీసే అలవాటున్న మనిషిని గీతల మధ్య నిలబెడితే అతనిలోని నటుడు చచ్చిపోతాడు.

1970 ప్రాంతంలో ఈ రెంటినీ ఆయన వదిలిపెట్టారు. భాషను ఛత్తీస్‌గఢీకి మార్చారు. కదలికలను నటులకే వదిలారు. 1973 నాటి రాయపూర్ శిబిరం ఆ మార్పుకు దక్కిన తొలి పెద్ద ఫలితం.

ప్రవాసంలోని తెలుగు పిల్లలకూ కావలసింది ఇదే పద్ధతి. కథను నోటితో చెప్పాలి. పాత్రను వారికి పరిచయం చేయాలి. ఇంట్లో అమ్మమ్మతో మాట్లాడే తెలుగులోనే మాటలు వారి చేతనే కూర్పించాలి. నాలుగు ఆదివారాలు గడిచేసరికి తేలిన మంచి మాటలను ఎవరో ఒక పెద్ద తెలుగులో రాసిపెట్టుకుంటే చాలు. ఇకమీద చెప్పబోయే నాటికలన్నీ ఈ పద్ధతికి లొంగేవే. లొంగనివి, ఎంత గొప్పవైనా, ఇక్కడ చేర్చలేదు.

ముసలి పెండ్లికొడుకు

మొదట ఆ శిబిరపు నాటకమే చూద్దాం. దానిలో కలిసిన మూడు ప్రహసనాల్లో ఒకటి పంట ఇంటికి వచ్చాక పుష్య పౌర్ణమినాడు ధాన్యం అడుగుతూ తిరిగే ‘ఛేర్‌ఛేరా’ పండుగకు సంబంధించినది. మరొకటి ‘బుఢ్వా బిహావ్’, అనగా ముసలివాని పెళ్ళి. మూడవది దేవార్ అనే సంచార గాయకుల కథ. ఒక పిల్ల, ఒక పిల్లవాడు పరస్పరం ఇష్టపడతారు. పిల్ల తండ్రి డబ్బున్న ముసలివాడికి ఆమెను కట్టబెడతాడు. పిల్లవాడు దేవార్ వేషం వేసుకొని వచ్చి ఆమెను తీసుకుపోతాడు. ఇంతే కథ.

ఇది వినగానే తెలుగు పాఠకుడికి ‘కన్యాశుల్కం’ స్ఫురించకపోదు. లుబ్ధావధాన్ల పెళ్ళి, ఆడవేషం వేసిన శిష్యుడు, డబ్బు పుచ్చుకొన్న తండ్రి: సరుకంతా అక్కడా ఉన్నది. ఒకరిని చూసి ఒకరు రాశారనుకోవలసిన పని లేదు. ఆడపిల్లను అమ్మే ఆచారం ఉన్న ప్రతిచోటా జనం ఈ కథనే అల్లుకొంటారు. తమాషా ఏమంటే ఈ రెండు ఊళ్ళనూ ఒకే రైలుమార్గం కలుపుతున్నది. 1892లో ‘కన్యాశుల్కం’ తొలిసారి ప్రదర్శితమైన విజయనగరం నుంచి బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్ చేరే ఆ మార్గం 1931 నాటికి పూర్తయింది. ఆ ప్రాంతాన స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆ దారి చిరపరిచితమే.

కనుక ‘ముసలివాని పెళ్ళి’ ఘట్టాన్ని మాత్రం విడదీసి, కళింగాంధ్ర యాసలో, నలుగురు నటులతో అరగంట నాటికగా మలుచుకొంటే తెలుగువారికి పరాయిదిగా తోచదు. ఇందులో ఒక జాగ్రత్త అవసరం. ముసలివాణ్ణి కేవలం దగ్గే ముసలివాడిగా చూపి నవ్వించడం సులభం. నాచా నటుడు అలా చేయడు. తన ధనం తనను పడుచువాణ్ణి చేసిందని ముసలివాడు నిజంగా నమ్ముతాడు. ఆ నమ్మకంలో నుంచే నవ్వు పుడుతుంది. తండ్రి పాత్రలో నవ్వు తక్కువ, భయం ఎక్కువ ఉండాలి. అప్పులో మునిగినవాడు కూతురిని ఇచ్చే క్షణంలో ప్రేక్షకులు ఒక్క నిమిషం నవ్వడం మానితే నాటిక గెలిచినట్లే.

దొంగ చేసిన ప్రమాణాలు

తన్వీర్ పేరు చెప్పగానే అందరికీ గుర్తు వచ్చేది ‘చరణ్‌దాస్ చోర్’. 1982లో ఎడిన్‌బరో ఉత్సవంలో బహుమతి పొంది ప్రపంచం తిరిగిన ఈ నాటకం మొదట్లో చిన్న నాటకమేనన్న సంగతి చాలామందికి తెలియదు. రాజస్థానీ రచయిత విజయ్‌దాన్ దేథా చెప్పిన ఒక జానపద కథను తన్వీర్ భిలాయ్‌లో జరిపిన శిబిరంలో నటులకు వినిపించారు. సత్యమే దేవుడని బోధించిన గురు ఘాసీదాస్ అనుయాయులు, సత్‌నామీలు, ఆ కథను తమదిగా భావించారు. దాదాపు 50 నిమిషాల నాటకంగా అది భిలాయ్ మైదానంలో తొలిసారి సత్‌నామీ జనసమూహం ఎదుట నిలిచింది. వారి పంథీ పాటలూ నృత్యమూ అందులో కలిసిపోయాయి. 1975లో ఢిల్లీ ప్రదర్శనతో దానికి పూర్తి రూపం ఏర్పడింది. అదే ఏడాది శ్యామ్ బెనెగల్ దానిని పిల్లల చిత్రంగా తీశారు.

ఒక దొంగ సరదాకు గురువు ముందు నాలుగు ప్రమాణాలు చేస్తాడు. బంగారు పళ్ళెంలో తినను, ఏనుగెక్కి ఊరేగను, రాణిని పెళ్ళాడను, రాజ్యం ఏలను. దొంగకు ఇవన్నీ ఎలాగూ దక్కవు గదా! గురువు అయిదవది తగిలిస్తాడు: అబద్ధం ఆడకూడదు. తరువాత ఒక్కొక్కటే అతని ముందుకు వస్తాయి; అతడు ఒక్కొక్కటే కాదంటాడు. ఆఖరికి రాణి తనను పెళ్ళాడమంటుంది. ఆ మాట ఎవరితోనూ చెప్పవద్దంటుంది. మాట తప్పలేని దొంగ ప్రాణం పోగొట్టుకొంటాడు.

పూర్తి నాటకం మోయలేని సమాజాలు మొదటి గురుశిష్య దృశ్యాన్నీ చివరి రాణి దృశ్యాన్నీ మాత్రమే ఆడవచ్చు. నడుమ కథను పాటగాడు రెండు మాటల్లో చెప్పి అతికిస్తాడు. నవ్వుతూ మొదలై చావుతో ముగిసే అటువంటి నిర్మాణం చిన్న నాటకాల్లో అరుదు. ఇది కేవలం వినోదం కాదనడానికి ఒక సాక్ష్యం ఉన్నది. తన్వీర్ 2009 జూన్ 8న మరణించారు. అదే సంవత్సరం ఆగస్టులో, సత్‌నామీ మతగురువుల నుంచి అభ్యంతరాలు రాగా, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. ఏ సమాజం పాటలతో ఆ నాటకం పుట్టిందో ఆ సమాజంలోని వారి నుంచే అభ్యంతరం రావడం విచారకరం. ఆ పాత్రను ‘దొంగ’ అనడం ఎవరిని నొప్పిస్తుందో, ఎందుకు నొప్పిస్తుందో ప్రదర్శకులు ముందుగా ఆలోచించుకోవాలి. ఆలోచించిన మీదట కూడా ఆడదగిన నాటకమే.

నయా థియేటర్ వారు తరచుగా ప్రదర్శించిన మరొక చిన్న ప్రహసనం ‘పోంగా పండిత్’. దీనికే ‘జమాదారిన్’ అనీ పేరు. 1930లలో సుఖ్‌రామ్, సీతారామ్ అనే ఇద్దరు పల్లె నటులు కల్పించినది ఇది. పూజారి పాటించే అంటులోని అసంగతాన్ని ఊడ్చి శుభ్రం చేసే స్త్రీ బయటపెడుతుంది. దశాబ్దాలపాటు పల్లెలు దీనిని చూసి నవ్వుకొన్నాయి. 1990ల తరువాత మాత్రం దీనిని ఆపడానికి దాడులు జరిగాయి. 2003లో మధ్యప్రదేశ్ పర్యటనలో గొడవలు తీవ్రమయ్యాయి. పండుగ సభల్లో వేయమని దీనిని ఎవరికీ సలహా ఇవ్వలేము. జనాన్ని ఎరిగిన సమాజం, చర్చకు సిద్ధపడి, చిన్న సభలో ఆడితే మంచిది. గుఱ్ఱం జాషువా పుట్టిన భాషలో ఈ వస్తువు కొత్తదేమీ కాదు.

ఒక్కరే ఆడేటప్పుడు

ఏకపాత్రాభినయం అనగానే మన పాఠశాలల్లో మీసం తిప్పే దుర్యోధనుడు ప్రత్యక్షమవుతాడు. ఆ సంప్రదాయాన్ని తక్కువ చేయనక్కరలేదు గాని, ఒక్క మనిషి వేదికనంతా నింపడం ఎలాగో తెలియాలంటే పండవానీ చూడాలి. భిలాయ్ సమీపంలోని గనియారీ గ్రామంలో పుట్టిన తీజన్ బాయి పదమూడేళ్ళ వయసులో చంద్రఖురీ గ్రామంలో తొలి ప్రదర్శన ఇచ్చింది. పారితోషికం 10 రూపాయలు. అప్పటికి ఆడవారు కూర్చుని పాడే వేదమతి పద్ధతినే అనుసరించేవారు. నిలబడి, నడిచి, గర్జించి పాడే కాపాలిక పద్ధతి పురుషులది. ఆమె నిలబడింది. అందుకు కులంవారి ఆగ్రహాన్ని చవిచూసింది. 2019లో పద్మవిభూషణ్ పురస్కారం అందుకొన్నది.

ఆమె చేతిలోని తంబురా ఒక క్షణం భీముని గద. మరుక్షణం అర్జునుని విల్లు. ఇంకొక క్షణం ద్రౌపది జుట్టు. పక్కన కూర్చున్న రాగి ‘ఊ’ కొడతాడు, మధ్యలో ప్రశ్న వేస్తాడు, ఆశ్చర్యపడతాడు. ప్రేక్షకుడి తరఫున వేదిక మీద కూర్చున్న మనిషి అతడు. హరికథ, బుర్రకథ ఎరిగిన తెలుగువారికి ఇది తేలికగా పట్టుబడుతుంది. అయితే అనుకరించవలసినది వేషాన్ని కాదు, ఉపాయాన్ని. ఒక అమ్మాయి, ఒక కర్ర, ‘ఊ’ కొట్టే ఒక తమ్ముడు: ఈ మాత్రం సరంజామాతో కీచకవధను ఇరవై నిమిషాల్లో, తన మాటల్లో చెప్పిస్తే, ఆ పిల్ల ఆనాటితో తెలుగులో కథ చెప్పడం నేర్చుకొన్నట్లే.

అచ్చంగా ఆధునికమైన ఏకపాత్రలు కావాలనేవారికి మొదట చెప్పవలసినది నిర్మల్ వర్మ ‘తీన్ ఏకాంత్’. అవి మొదట కథలుగా వెలువడినవి. 1975లో దేవేంద్ర రాజ్ అంకుర్ వాటిని, ఒక్క మాట కూడా నాటకంగా మార్చకుండా, ఉన్నవి ఉన్నట్లే వేదిక మీద పలికించారు. హిందీలో ‘కథా రంగస్థలం’ అనే ధోరణికి అదే నాంది. మూడింటిలో ఒకదానిలో, ఒక స్త్రీ తాను ఏనాడో పెళ్ళాడిన చర్చి ఎదుట బెంచి మీద కూర్చుని, ముక్కూ ముఖం తెలియని ముసలాయనతో మాట్లాడుతూ పోతుంది. మరొకదానిలో, ఒక ముసలివాడు మధుశాలలో అపరిచితునికి తన భార్య కథ చెబుతాడు. జర్మన్ల ఆక్రమణ కాలంలో ఆమెను పట్టుకుపోయి చంపారు. ఆమె రహస్యోద్యమంలో ఉన్నదన్న సంగతి ఇన్నేళ్ళు కాపురం చేసిన భర్తకు ఆ రోజే తెలిసింది. తనకు తెలియని ఆమె ఎవరు? ఈ ప్రశ్నతో అతడు తాగుతూ కూర్చుంటాడు.

యూరప్‌లో జరిగిన కథ తెలుగువారికి ఎందుకు అనేవారుంటారు. ఆ రెండవ కథను శ్రద్ధగా చదివిన తెలంగాణ పాఠకుడికి, ఉత్తరాంధ్ర పాఠకుడికి వేరే వ్యాఖ్య అవసరం ఉండదు. రాత్రివేళ తలుపు తట్టి మనిషిని తీసుకుపోవడం ఏ ఒక్క ఖండానికీ పరిమితం కాదు. పేర్లు మార్చి తెనుగు వేషం తొడగనక్కరలేదు. ప్రాహా నగరాన్ని ప్రాహాగానే ఉంచి, మాట మాత్రం మామూలు తెలుగులో నడపాలి. యాభై దాటిన నటునికి ఇది లభించడం అదృష్టం. కుర్చీ, బల్ల, గ్లాసు, అంతే సామగ్రి.

వీటికంటె తేలిక, కాని పైకి కనిపించేటంత తేలిక కానిది, చెహోవ్ ‘పొగాకు వల్ల కలిగే హాని’. 1886లో రాసి, 1902 దాకా మళ్ళీ మళ్ళీ దిద్దిన ఈ పావుగంట ఏకపాత్రలో పొగాకు గురించి దాదాపు ఏమీ ఉండదు. భార్య నడిపే బాలికల వసతి పాఠశాలలో చాకిరీ చేసే భర్తను ఆమె ఉపన్యాసం ఇమ్మని పంపిస్తుంది. మొదట అతడు ఉపన్యాసమే చెప్పబోతాడు. మెల్లగా తన బ్రతుకు చెప్పుకొంటాడు. ఎక్కడికైనా పారిపోవాలని ఉన్నదంటాడు, పాత కోటు విప్పి తొక్కుతాడు. అంతలో తెర పక్కన భార్య కనిపించగానే కోటు తొడుక్కొని పొగాకులోకి తిరిగివస్తాడు. తెలుగునాట ప్రైవేటు కళాశాలలు వెలసిన తరువాత ఈ మనిషిని వెదకడానికి రష్యా పోనక్కరలేదు. అనువాదకులు ఇందులో నవ్వు కోసం అదనపు మాటలు చేర్చకుండా నిగ్రహించుకోవాలి. చెహోవ్ నవ్వు మాట తడబడిన చోట వస్తుంది, చమత్కరించిన చోట కాదు.

ఇక్కడి నేలకు కావలసిన నాటిక

ఈ జాబితాలో ఒక్కదానినే ఎన్నుకొమ్మంటే మహాశ్వేతాదేవి ‘బాయెన్’ను ఎన్నుకోవాలి. ఆమె కథకు ఆమే ఇచ్చిన చిన్న నాటక రూపం ఇది. చనిపోయిన పసిపిల్లలను పూడ్చిపెట్టే వంశవృత్తిలో ఉన్న చండీదాసీ అనే స్త్రీని ఊరు మంత్రగత్తె అని ముద్రవేసి వెలివేస్తుంది. భర్త కూడా ఊరితోనే నిలబడతాడు. రైలుపట్టాల దగ్గర ఒంటరిగా గుడిసెలో బ్రతికే ఆమె ఎదుట పడితే ముఖం తిప్పుకోవాలని ఆమె కొడుకుకే నేర్పుతారు. ఒక రాత్రి దొంగలు పట్టాలపై వెదుళ్ళు పేర్చడం చూసి, రైలును ఆపడానికి ఆమె ఎదురు పరుగెత్తి మరణిస్తుంది. అధికారులు వచ్చి ఆమె ఎవరని అడిగినప్పుడు ఊరంతా మౌనం వహిస్తుంది. కొడుకు ఒక్కడే ముందుకు వచ్చి, తన తల్లి అని చెబుతాడు.

ఛత్తీస్‌గఢ్‌లో ఇటువంటి స్త్రీని ‘టోన్హీ’ అంటారు. ఆ పేరుతో జరిగే హింసను అరికట్టడానికి రాష్ట్రం 2005లో ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. బాణామతి అనీ, చేతబడి అనీ తెలుగు ప్రాంతాల్లో జరిగిన దారుణాలు పత్రికా పాఠకులకు తెలియనివి కావు. కనుక ఈ నాటికను రాయపూర్‌లో తెలుగులో ఆడినా, పాడేరులో ఆడినా, మెదక్‌లో ఆడినా చూసేవారికి అది పక్కింటి సంగతే. నలుగురైదుగురు ప్రధాన నటులు, ఊరి జనంగా ఎందరైనా. ఆ జనం మౌనంగా నిలబడే చివరి దృశ్యం పేరున్న నటులకంటె మామూలు మనుషులు చేస్తేనే బాగుంటుంది.

ఫ్యాక్టరీ ఊళ్ళకు మరొకటి: జన నాట్య మంచ్ వారు 1978లో ఆడిన ‘మెషీన్’. సుమారు 13 నిమిషాలు. నటులే చేతులూ కాళ్ళూ కదుపుతూ యంత్రమవుతారు, యంత్రం ఆగుతుంది, ఎందుకు ఆగిందో కార్మికుడు చెబుతాడు. ఢిల్లీ సమీపంలోని ఒక ఫ్యాక్టరీలో సైకిళ్ళు పెట్టుకొనే చోటు, టీ దుకాణం కావాలని అడిగిన కార్మికులపై కాల్పులు జరిగిన ఉదంతం దీనికి మూలం. ఆ బృందానికి చెందిన సఫ్దర్ హష్మీ 1989 జనవరి 1న మరొక వీధి నాటకం ఆడుతుండగా దాడికి గురై మరుసటి రోజు మరణించారు. జనవరి 4న అతని సహచరులు అదే చోటికి వెళ్ళి ఆగిన నాటకాన్ని పూర్తిచేశారు. భిలాయ్ ఉక్కు కర్మాగారంలో షిఫ్టు దిగివచ్చే తండ్రిని ఎరిగిన పిల్లలకు ‘మెషీన్’లో నేర్పవలసింది స్వల్పం.

తెలుగులో అసలే లేవా అని అడగవచ్చు. ఉన్నాయి, అదే రైలుమార్గంలో ఉన్నాయి. విజయనగరంలో పుట్టిన గొల్లపూడి మారుతీరావు ‘కళ్ళు’ నాటికలో గుడ్డి బిచ్చగాళ్ళు కొందరు పైసా పైసా కూడబెట్టి తమలో ఒకనికి చూపు తెప్పిస్తారు. చూపు వచ్చినవాడు వారినే మోసగిస్తాడు. 1988లో సినిమాగా కూడా వచ్చింది. పార్వతీపురం ప్రాంతానికి చెందిన గణేశ్ పాత్రో ‘కొడుకు పుట్టాల’ పేరులోనే ఇతివృత్తం చెబుతుంది. ఆ పట్టుదల మన ఇళ్ళలో చచ్చిపోలేదు గనుక నాటికా పాతబడలేదు. ఒక్కరే ఆడదలచుకొన్న కుర్రవాడికి ‘కన్యాశుల్కం’ మొదట్లో బొంకులదిబ్బ మీద గిరీశం తనలో తాను మాట్లాడుకొనే ఘట్టం ఎప్పుడూ సిద్ధంగా ఉన్నది. దానిని మాత్రం సొంత మాటల్లోకి దించుకోకూడదు. గురజాడ పలుకును చెవితో, అచ్చు తప్పకుండా నేర్చుకోవలసిందే.

చివరగా ఒక వ్యవహార విషయం. మన దేశంలో రచయిత మరణించిన తరువాత 60 సంవత్సరాలదాకా రచనపై హక్కు వారసులకు ఉంటుంది. తన్వీర్, 2005లో పోయిన నిర్మల్ వర్మ, 2016లో పోయిన మహాశ్వేతాదేవి, గొల్లపూడి, పాత్రో: వీరందరి రచనలకూ, టిక్కెట్టు పెట్టి ఆడేటప్పుడు, ముందుగా అనుమతి కోరడం తప్పనిసరి. పల్లె ప్రహసనపు కథ మాత్రం జనానిది. దానినుంచి ఎవరైనా తమ నాటికను తాము అల్లుకోవచ్చు. 1904లో కన్నుమూసిన చెహోవ్ విషయంలోనూ ఆ చిక్కు లేదు. కాని ఆయనను తెలుగులోకి తెచ్చినవారు బ్రతికి ఉంటే, వారికి ఒక ఉత్తరం రాయడం మర్యాద; టిక్కెట్టు పెట్టి ఆడితే మర్యాద మాత్రమే కాదు, చట్టం కూడా.